పులి ఎందుకు తడబడింది?

బేతంచెర్ల వైపు ఎప్పుడైనా వెళ్ళారా? నంద్యాల నుంచి గుంతకల్లు పోయే రైలెక్కితే దారిలోనే వస్తుంది. ఊళ్ళో ఎక్కడ చూసినా బండలు, బండల దొంతరలు, బండలు కోసి నునుపు చేసే మిల్లులు, కోయగా మిగిలిన ముక్కల గుట్టలు. రాయలసీమలో మీ తాతగారింటి అరుగు మీదా, మీ బడి వరండాలోనూ పరిచిన నాపరాళ్ళలో ఎన్నో ఈ ఊరి గనులలో పుట్టినవే. కోట్ల సంవత్సరాల కిందట సముద్రం అడుగున పొరలు పొరలుగా పేరుకున్న సున్నపురాయి అది. పొరలున్న రాయి కాబట్టే పలకలుగా విడదీయడానికి వీలు.

అలాంటి బండ మీద సుద్దముక్కతో పటం గీసుకొని పులి-మేక ఆడే ఉంటారు మీరు. 23 కూడళ్ళు, 3 పులులు, 15 మేకలు. చింతపిక్కలు మేకలు, గులకరాళ్ళు పులులు. మేకలను ఒక్కొక్కటిగా పటం మీద పెడుతూ పోవాలి. పులి పక్కనున్న మేకను దాటి అవతలి ఖాళీ కూడలిలోకి దూకిందా, ఆ మేక చచ్చినట్టే. పులులు ఎటూ కదలకుండా చుట్టుముడితే మేకలదే గెలుపు. ఈ ఆటకు బండ ఒక్కటి ఉంటే చాలు. నిన్న ఆడిన బండ మీద నేడు ఆడవచ్చు. మీ మనవలు కూడా ఆడవచ్చు.

ఇప్పుడు ఆ రాతిబండను పక్కనపెట్టి మరో బండను చూద్దాం. అది అరచేతిలో పట్టేస్తుంది. మీ నాన్నగారి ఫోను! మీరు కాస్త ప్రోగ్రామింగు నేర్చుకొని, కష్టపడి, ఆ ఫోనులో నడిచేటట్టు పులి-మేక ఆట తయారు చేశారనుకోండి. నాలుగు రోజులు సంబరంగా గడుస్తాయి. తరువాత మీ స్నేహితుల దగ్గరనుంచి రెండు రకాల ఫిర్యాదులు వస్తాయి.

ఒకడంటాడు: "ఒరే, పులి దూకుతూ దూకుతూ గాలిలో ఆగిపోతోందిరా. మళ్ళీ గబుక్కున దూకుతోంది."

ఇంకొకడంటాడు: "మా అన్న కొత్త ఫోను కొన్నాడు. అందులో నీ ఆట ఎక్కనే ఎక్కడం లేదు."

ఈ రెండు ఫిర్యాదులకూ మూలాలు వేరు వేరు. మొదటిది మీరు ఆటను రాసిన భాషకు సంబంధించినది. రెండోది ఫోనును నడిపే ఆపరేటింగ్ సిస్టముకు సంబంధించినది. చిత్రమేమిటంటే, మొదటి జబ్బుకు వేసే మందు రెండో జబ్బును పెంచుతుంది! రెండో జబ్బుకు వేసే మందు మొదటిదాన్ని పెంచుతుంది. ప్రపంచంలో ఆటలు తయారుచేసే వాళ్ళందరూ పాతికేళ్ళుగా ఈ రెండింటి మధ్య తంటాలు పడుతున్నారు. అదెలాగో చూద్దాం.

స్టేషను మాస్టరు లేని రోజులు

1980లలో, 1990ల మొదటి సగంలో ఇంటి కంప్యూటర్లలో ఎమ్మెస్-డాస్ అనే ఆపరేటింగ్ సిస్టము ఉండేది. ఆట మొదలుపెట్టగానే అది దాదాపు పక్కకు తప్పుకొనేది. ఇక మెషీను మొత్తం ఆటదే. తెర మీద అడ్డంగా 320, నిలువుగా 200 చుక్కలు. ఒక్కొక్క చుక్కకు ఒక బైటు. అంటే 64,000 బైట్లు. ఆట రాసేవాడు ఆ బైట్లలోకి తిన్నగా అంకెలు రాసేవాడు. ఏ అంకె రాస్తే ఆ రంగు తెర మీద కనిపించేది. మధ్యలో అడిగేవాడు లేడు.

తరువాత విండోస్ వంటి ఆపరేటింగ్ సిస్టములు వచ్చాయి. వీటిలో ఒకేసారి పది ప్రోగ్రాములు నడుస్తాయి. పది మందీ ఒకే తెర మీద తమకు తోచినట్టు రంగులు పూస్తే ఏమవుతుంది? అందుకని స్టేషను మాస్టరు పెత్తనం మొదలైంది. రైలు ఎంత వేగంగా పోగలదైనా సిగ్నలు పడితేనే కదలాలి. ఆట కూడా అంతే. తెర కావాలన్నా, శబ్దం కావాలన్నా, జ్ఞాపకస్థలం కావాలన్నా ఆపరేటింగ్ సిస్టమును అడిగి తీసుకోవాలి.

ఆటలవాళ్ళకు ఇది నచ్చలేదు. అడిగి తీసుకోవడం అంటే ఆలస్యం. పైగా మధ్యవర్తి తప్పు చేస్తే చెడ్డపేరు ఆటకు వస్తుంది. 1994 క్రిస్‌మస్ పండుగకు అమెరికాలో 'లయన్ కింగ్' సినిమా కథతో పిల్లల కోసం ఒక విండోస్ ప్రోగ్రాము వచ్చింది. పండుగ నాడు పిల్లలు ఆశగా పెట్టె విప్పి కంప్యూటరులో వేసుకొన్నారు. ఎన్నో ఇళ్ళలో అది నడవక మెషీను బిగుసుకుపోయింది. బొమ్మను తెర మీదికి పంపే కొత్త పద్ధతికీ, ఆ కంప్యూటర్లలో ఉన్న తెర డ్రైవరుకూ పొసగలేదు. తల్లిదండ్రుల ఫోన్లకు జవాబు చెప్పలేక కంపెనీవాళ్ళు తలలు పట్టుకొన్నారు. విండోస్‌లో ఆటలకు తెరా శబ్దమూ వీలైనంత దగ్గరదారిలో అందాలనే పట్టుదల ఇలాంటి అనుభవాల తరువాతనే బలపడింది. 1995లో వచ్చిన డైరెక్టెక్స్ అనే ఏర్పాటు దాని ఫలితమే.

అయినా స్టేషను మాస్టరు పోలేదు. పోడు కూడా. మీరు పులిని కదుపుతుండగా మీ నాన్నగారికి ఫోను వచ్చిందనుకోండి. ఆటను పక్కకు నెట్టి మాట్లాడనిచ్చేది ఆపరేటింగ్ సిస్టమే. జ్ఞాపకస్థలం చాలకపోతే పక్కకు నెట్టిన ఆటను అది నిర్దాక్షిణ్యంగా చంపేస్తుంది కూడా! అందుకే ఆట రాసేవాడు, పక్కకు నెట్టిన మరుక్షణమే పటంలో ఏ కాయ ఎక్కడుందో భద్రపరచుకోవాలి. బండ మీద ఆడేటప్పుడు అమ్మ పిలిస్తే లేచి వెళ్ళి వచ్చి మళ్ళీ ఆడుకుంటాం, ఇంతలో కాయలు ఎక్కడికీ పోవు. ఫోనులో ఆ పాటి సౌకర్యానికి కూడా పనిగట్టుకొని ప్రోగ్రాము రాయాలి.

పదహారు మిల్లీసెకండ్ల గడువు

తెర మీద పులి దూకుతున్నట్టు కనిపిస్తుందే గానీ నిజానికి అక్కడ కదలిక లేదు. సినిమాలో లాగే ఒక బొమ్మ తరువాత మరో బొమ్మ. మామూలు ఫోను తెర సెకండుకు 60 సార్లు కొత్త బొమ్మ చూపుతుంది. 1,000 మిల్లీసెకండ్లను 60తో భాగించండి. 16.67 వస్తుంది. ఒక బొమ్మ పూర్తయ్యి సిద్ధంగా ఉండడానికి అంతే గడువు. సెకండుకు 120 బొమ్మలు చూపే తెర అయితే గడువు ఇంకా తక్కువ, 8.33 మిల్లీసెకండ్లు.

బ్యాంకు ప్రోగ్రాము పదో వంతు సెకండు ఆలస్యమైతే ఎవరికీ పట్టదు. ఆటలో అదే పదో వంతు ఆలస్యమైతే ఆరు బొమ్మలు ఎగిరిపోతాయి. పులి గాలిలో ఆగినట్టు కనిపించేది అప్పుడే. మన కన్ను ఈ లోటును ఇట్టే పట్టేస్తుంది.

సరే, మరి ఆ ఆలస్యం ఎక్కడిది?

బండల మిల్లులో ఇద్దరు యజమానులు

కంప్యూటరు చిప్పుకు తెలిసినది ఒక్కటే భాష, దాని సొంత అంకెల భాష. చిప్పు రకాన్ని బట్టి ఆ భాష కూడా మారుతుంది. సి, సి ప్లస్ ప్లస్ వంటి భాషలలో మనం రాసినదాన్ని ముందుగానే ఫలానా చిప్పు భాషలోకి మార్చి పెట్టుకొంటాం. ఇక నడిపేటప్పుడు దుబాసీ అవసరం లేదు. వేగం ఎక్కువ.

1995లో సన్ అనే కంపెనీ జావా భాషను లోకానికి ఇచ్చింది. 2002లో మైక్రోసాఫ్టు డాట్‌నెట్‌నూ, దానితో సి-షార్ప్ భాషనూ తెచ్చింది. వీటి పద్ధతి వేరు. మనం రాసినది ముందు ఏ చిప్పుకూ చెందని ఒక మధ్యంతర భాషలోకి మారుతుంది. నడిపే సమయంలో, ఫోనులోనో కంప్యూటరులోనో ఉన్న ఒక పెద్ద ప్రోగ్రాము దాన్ని అక్కడి చిప్పు భాషలోకి మారుస్తుంది. ఆ పెద్ద ప్రోగ్రాము ఊరికే అనువాదం చేసి ఊరుకోదు. మన ప్రోగ్రాము ఏం చేస్తోందో కనిపెట్టి చూస్తుంటుంది. అంటే దానికి అజమాయిషీ ఉంటుంది. అందుకే వీటిని మేనేజ్డ్ భాషలు, అంటే అజమాయిషీ భాషలు అంటారు.

అజమాయిషీ వల్ల లాభం ఏమిటి? పులి-మేక పటంలో 23 కూడళ్ళు ఉన్నాయి కదా. మీరు పొరపాటున 24వ కూడలిలో మేకను పెట్టమని రాశారనుకోండి. సి భాషలో అడ్డుచెప్పేవాడు లేడు. జ్ఞాపకస్థలంలో 23వ గడి తరువాత ఏముంటే దాని మీద మేకను కూర్చోబెట్టేస్తుంది. అక్కడ మీ ఆట మార్కులు ఉండవచ్చు, మరేదైనా ఉండవచ్చు. ఎప్పుడో అరగంట తరువాత ఆట వింతగా ప్రవర్తిస్తుంది. తప్పు ఎక్కడ జరిగిందో వెతకడం గడ్డివాములో సూది వెతకడమే. జావా అయితే ఆ క్షణంలోనే ఆపి, ఫలానా చోట లేని గడిని అడిగావని చెబుతుంది. నేర్చుకొనే వాళ్ళకు ఇది ఎంత మేలో వేరే చెప్పాలా?

రెండో అజమాయిషీ జ్ఞాపకస్థలం మీద. ఇది అర్థం కావడానికి బేతంచెర్ల బండల మిల్లులోకి వెళ్దాం. కోత జరుగుతున్న కొద్దీ ముక్కలు, బురద పేరుకుపోతూ ఉంటాయి. వాటిని తీసేయకపోతే కాసేపటికి నిలబడడానికి చోటుండదు. ఒక యజమాని పద్ధతి ఇది: ఎవరి పనికి వచ్చిన ముక్కలు వాళ్ళే తీసేయాలి. ఇది సి భాష. శ్రద్ధగలవాళ్ళయితే పని చకచకా సాగుతుంది. ఎవరైనా మరచిపోతే ముక్కలు మెల్లగా మిల్లంతా నిండుతాయి. ఎవరైనా తొందరపడి, పక్కవాడు ఇంకా వాడుకొంటున్న బండను చెత్త అనుకొని బయట పారేశాడా, ఇక చెప్పనక్కరలేదు. సి, సి ప్లస్ ప్లస్ ఆటలు ఉన్నట్టుండి కూలిపోవడానికి ఈ రెండు తప్పులూ పెద్ద కారణాలు.

రెండో యజమాని ఊడ్చేవాణ్ణి ఒకణ్ణి పెట్టాడు. పనివాళ్ళు ముక్కల సంగతి మరచిపోవచ్చు. ఇది జావా, సి-షార్ప్‌ల పద్ధతి. ఆ ఊడ్చేవాడి పేరు గార్బేజ్ కలెక్టరు. జిల్లా కలెక్టరు కాదు సుమా, చెత్త కలెక్టరు! ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1959 ప్రాంతంలోనే లిస్ప్ అనే భాష కోసం జాన్ మెకార్తీ దీన్ని కనిపెట్టాడు.

ఏది చెత్తో, ఏది పనికొచ్చేదో అతనికి ఎలా తెలుస్తుంది? మొదట పనివాళ్ళ చేతుల్లో ఏమున్నాయో చూస్తాడు. వాటికి సుద్దతో గుర్తు పెడతాడు. ఆ బండలకు ఆనించి ఉన్నవేవో చూస్తాడు, వాటికీ గుర్తు పెడతాడు. అలా వెళ్ళి వెళ్ళి, చివరకు గుర్తు పడనివన్నీ చెత్త కింద లెక్క. అయితే అతను గుర్తు పెడుతుండగానే పనివాళ్ళు బండలను చేతులు మారుస్తూ ఉంటే లెక్క తప్పుతుంది. అందుకని పాతకాలపు కలెక్టరు వస్తూనే, "అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగండి" అనేవాడు. అతని పని అయ్యేదాకా మిల్లు మొత్తం నిలిచిపోవలసిందే.

పులి గాలిలో ఆగింది ఎందుకో ఇప్పుడు తెలిసిందా?

చెత్త లెక్క

ఎంత చెత్త పోగవుతుందో మన ఆట మీదనే లెక్కవేద్దాం. పులి పక్షాన ఫోను ఆడుతోంది. మంచి ఎత్తు వేయాలంటే అది ముందుచూపుతో ఆలోచించాలి. ఒక్కొక్క దశలో సుమారు 10 ఎత్తులు వీలవుతాయనుకోండి. ఐదు ఎత్తుల ముందుకు చూస్తే 10×10×10×10×10, అంటే లక్ష పటాలు. ఒక్కొక్క పటాన్ని విడి వస్తువుగా తయారుచేస్తే, దానికి 100 బైట్లు పట్టిందనుకొన్నా, మొత్తం కోటి బైట్లు. దాదాపు 10 మెగాబైట్లు. ఎత్తు తేలగానే ఆ లక్ష పటాలూ చెత్తే. తెలివైన ఆట అయితే తన పులి దూకుతుండగానే మీ తరువాతి ఎత్తుల గురించి ఆలోచించడం మొదలుపెడుతుంది. కలెక్టరు వచ్చేది సరిగ్గా అప్పుడే!

2006 డిసెంబరులో మైక్రోసాఫ్టు విద్యార్థులూ, ఇంట్లో సరదాగా ఆటలు రాసుకొనేవాళ్ళూ సి-షార్ప్‌లో ఆటలు తయారు చేసుకోవడానికి ఎక్స్ఎన్ఏ అనే ఉచిత సాధనం ఇచ్చింది. ఆ ఆటలు ఎక్స్‌బాక్స్ 360 అనే ఆటల పెట్టెలో కూడా నడిచేవి. అయితే ఆ పెట్టెలో ప్రతి 1 మెగాబైటు ఖర్చుకూ ఒకసారి కలెక్టరు దిగేవాడు. మన పులి ఒక్క ఎత్తు ఆలోచించేలోగా పదిసార్లు ఊడ్పు అన్నమాట. ఆండ్రాయిడ్ ఫోన్లు వచ్చిన మొదట్లోనూ ఇదే గోల. 2008లో వచ్చిన ఆండ్రాయిడ్‌కు ప్రధాన భాష జావా. అప్పటి ఫోన్లలో ఒక్కొక్క ఊడ్పుకు తరచుగా 100 మిల్లీసెకండ్లు దాటేది. గడువేమో 16.67. ఇక ఆటలేమి ఆడతారు!

2010 చివర్లో వచ్చిన ఆండ్రాయిడ్ 2.3తో కలెక్టరు పద్ధతి మారింది. మిల్లు నడుస్తుండగానే పక్కన తన పని చేసుకుపోతూ, తప్పనిసరి అయినప్పుడే కొద్ది మిల్లీసెకండ్లు అందరినీ ఆపడం నేర్చుకొన్నాడు. మరో కిటుకు కూడా ఉంది. ప్రోగ్రాములు సృష్టించే వస్తువుల్లో ఎక్కువ భాగం పుట్టిన కాసేపటికే పనికిరాకుండా పోతాయి. చాలాసేపు బతికిన వస్తువు ఇంకా చాలాసేపు బతుకుతుంది. కనుక మొన్నటి గుట్టను వదిలి, ఇప్పుడే పడిన ముక్కలను మాత్రం తరచుగా ఊడిస్తే సరిపోతుంది. నేటి కలెక్టర్లు చాలామంది ఈ కిటుకు తెలిసినవాళ్ళే.

ఐతే అసలు మందు ప్రోగ్రాము రాసేవాడి చేతిలోనే ఉంది. పటంలో ఒక్కొక్క కూడలి మూడు స్థితుల్లో ఒకదానిలో ఉంటుంది: ఖాళీ, మేక, పులి. వీటిని 00, 01, 10 అని రెండేసి బిట్లలో రాయవచ్చు. 23 కూడళ్ళకు 46 బిట్లు. ఇంకా చేతిలో ఎన్ని మేకలున్నాయో, 0 నుంచి 15 దాకా, చెప్పడానికి 4 బిట్లు. ఎత్తు ఎవరిదో చెప్పడానికి 1 బిట్టు. మొత్తం 51. నేటి ఫోన్ల చిప్పులు 64 బిట్ల సంఖ్యను ఒక్క గుక్కలో మింగేస్తాయి. కాబట్టి పటం మొత్తం ఒకే ఒక్క సంఖ్యలో ఇమిడిపోతుంది! సంఖ్యలు విడి వస్తువులు కావు. లక్ష పటాలు చూసినా చెత్త పడదు. కలెక్టరుకు పనే ఉండదు. అదే జావా, అదే ఫోను, పులి మాత్రం తడబడదు. పులి తడబడిందని భాషను తిట్టేవాళ్ళు ముందు తాము ఎంత చెత్త పోస్తున్నారో చూసుకోవడం మంచిది.

మీరు అరుగు మీద చేసేదీ ఇదే. చచ్చిన మేకను వీధిలోకి విసిరేసి కొత్త చింతపిక్క కోసం వంటింట్లోకి పరుగెత్తరు కదా. పక్కన పెట్టుకొని మరుసటి ఆటకు వాడుకొంటారు. ఆటలు రాసే నిపుణులు కూడా తూటాలనూ, నిప్పురవ్వలనూ, శత్రువులనూ ముందే కొన్ని తయారుచేసి పెట్టుకొని మళ్ళీ మళ్ళీ వాడతారు.

హైదరాబాదు హనుమంతుడు

ఐతే అజమాయిషీ భాషల జోలికే పోకుండా అన్నీ సి ప్లస్ ప్లస్‌లో రాసేసుకోవచ్చు కదా అంటారా? రాసేవాళ్ళున్నారు. 2009లో 'హనుమాన్: బాయ్ వారియర్' అనే ఆట వచ్చింది. సోనీ వారి ప్లేస్టేషన్-2 కోసం దాన్ని తయారుచేసింది హైదరాబాదులోని అరోనా టెక్నాలజీస్. టీవీకి తగిలించే ఆటల పెట్టెకు పూర్తిగా మన దేశంలోనే తయారైన మొదటి ఆట అది. అదే ఏడు హైదరాబాదుకే చెందిన గేమ్‌శాస్త్ర అనే సంస్థ అదే పెట్టె కోసం 'దేశీ అడ్డా' తయారుచేసింది. అందులో కబడ్డీ, గాలిపటాలు, బిళ్ళంగోడు వంటి మన వీధి ఆటలున్నాయి.

ప్లేస్టేషన్-2లో జ్ఞాపకస్థలం ఎంతో తెలుసా? 32 మెగాబైట్లు. నేటి మామూలు ఫోనులో దీనికి వంద రెట్లకు పైగా ఉంటుంది. అంత ఇరుకు చోట కలెక్టరుకు జీతమిచ్చి పెట్టుకోవడం ఎవరికీ గిట్టుబాటు కాదు. ఆ పెట్టెకు ఆటలను సాధారణంగా సి, సి ప్లస్ ప్లస్‌లలోనే రాసేవారు. ఎవరి ముక్కలు వాళ్ళే ఏరుకోవాలి.

దానికి ఒక పెద్ద సుఖం కూడా ఉంది. ప్లేస్టేషన్-2 పుట్టింది 2000లో. తొమ్మిదేళ్ళ తరువాత హైదరాబాదులో ఆట తయారుచేసినప్పుడు కూడా ఆ పెట్టె స్వభావం అదే. ప్రపంచంలో 15 కోట్లకు పైగా అమ్ముడైన ఆ పెట్టెలన్నీ ఒకే అచ్చులో పోసినవి. అది అరుగు మీది బండ లాంటిది. ఒకసారి గీస్తే చాలు. ఫోను అలా కాదు. దాని ఆపరేటింగ్ సిస్టము ఏడాదికొకసారి మారుతుంది. మీ ఆట కింద ఉన్న బండను ఎవరో మెల్లగా లాగేసి మరో బండ పెడుతుంటారు!

గేజి మారిన రోజు

బేతంచెర్ల మీదుగా పోయే గుంటూరు-గుంతకల్లు రైలుమార్గం ఒకప్పుడు మీటర్ గేజి. రెండు పట్టాల మధ్య దూరం 1,000 మిల్లీమీటర్లు. 1990లలో దాన్ని బ్రాడ్ గేజికి, అంటే 1,676 మిల్లీమీటర్లకు మార్చారు. లాభం చాలా ఉంది. పెద్ద వ్యాగన్లు, ఎక్కువ బరువు, దూరాభారాలు తిన్నగా పోవడం. కానీ పాత మీటర్ గేజి ఇంజన్ల సంగతి? ఎంత మంచి ఇంజనైనా కొత్త పట్టాల మీద ఒక్క అడుగు వేయలేదు.

ఫోన్లలోనూ ఇలాంటి గేజి మార్పు జరిగింది. 32 బిట్లతో రాయగల సంఖ్యలు 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 మాత్రమే. ఒక్కొక్క బైటుకూ ఒక్కొక్క నంబరు ఇస్తూపోతే 4 గిగాబైట్లతో నంబర్లు అయిపోతాయి. అందుకని చిప్పులు 64 బిట్లకు మారాయి. కొంతకాలం ఆపరేటింగ్ సిస్టములు రెండు గేజిల పట్టాలూ పక్కపక్కనే ఉంచాయి. 2017 సెప్టెంబరులో ఆపిల్ తన ఐఓఎస్ 11తో పాత పట్టాలు పీకేసింది. 64 బిట్లకు మార్చుకోని ఐఫోను ఆటలు ఆ రోజుతో ఆగిపోయాయి. వాటిలో ఎన్నింటికో రాసినవాళ్ళు అప్పటికే వేరే పనుల్లో పడ్డారు, కంపెనీలు మూతపడ్డాయి. మార్చే నాథుడు లేడు. పిల్లలు ఇష్టపడి ఆడిన ఆటలు అలా కనుమరుగయ్యాయి. ఆండ్రాయిడ్ ఆటల అంగడిలోనూ 2019 ఆగస్టు నుంచి 64 బిట్ల రూపం తప్పనిసరి చేశారు.

ఇక్కడ గమనించండి. ఆండ్రాయిడ్‌లో ఈ దెబ్బ తగిలింది ఎవరికి? సి, సి ప్లస్ ప్లస్‌లలో రాసి, ముందుగానే 32 బిట్ల చిప్పు భాషలోకి మార్చి పెట్టుకొన్నవారికి. పూర్తిగా జావాలో రాసిన ఆట ఏ చిప్పుకూ చెందని మధ్యంతర భాషలో ఉంది కదా. కొత్త ఫోనులోని అజమాయిషీదారు దాన్ని కొత్త చిప్పు భాషలోకి తానే మార్చుకొన్నాడు. రాసినవాడు నిద్రపోతున్నా ఆట నడిచింది!

2024లో ఆండ్రాయిడ్ 15తో అదే కథ మళ్ళీ వచ్చింది. ఆపరేటింగ్ సిస్టము జ్ఞాపకస్థలాన్ని పేజీలనే సమానమైన తునకలుగా పంచిపెడుతుంది. అన్నీ ఒకే కొలత బండల్లాగ అనుకోండి. ఇంతవరకూ పేజీ కొలత 4 కిలోబైట్లు. చిన్న బండలు పరిస్తే లెక్క పెట్టవలసినవి ఎక్కువ. అందుకని 16 కిలోబైట్ల పేజీలకు దారి వేశారు. 2025 నవంబరు నుంచి ఆండ్రాయిడ్ 15కూ ఆ పైవాటికీ ఉద్దేశించిన కొత్త ప్రోగ్రాములు పెద్ద పేజీల మీద కూడా నడిచి తీరాలని గూగుల్ అంగడి నియమం. సి ప్లస్ ప్లస్ భాగాలున్న ఆటలను మళ్ళీ తయారుచేసుకోవలసి వచ్చింది. ఒట్టి జావాలోనో, కాట్లిన్‌లోనో రాసినవాటికి ఆ బెడద లేదు.

ఇప్పుడు మందుల తిరకాసు స్పష్టమైంది. తడబాటు వద్దనుకొని చిప్పు భాషకు దగ్గరగా పోతే, గేజి మారినప్పుడు ఆట పట్టాలు తప్పుతుంది. గేజి బాధ వద్దనుకొని మధ్యంతర భాషలో ఉంటే ఊడ్చేవాడి బాధ.

మధ్యేమార్గం ఒకటుంది. యూనిటీ అనే ఆటల సాధనం 2005లో పుట్టింది. దానిలో ఆట నడకను సి-షార్ప్‌లో రాస్తారు. ఐఫోనులో ఒక చిక్కు ఉంది. నడిచే సమయంలో కొత్తగా చిప్పు భాషను పుట్టించడానికి ఆపిల్ బయటివారి ప్రోగ్రాములకు అనుమతి ఇవ్వదు. కనుక అనువాదం ముందే చేసుకోవాలి. పైగా 2015 నుంచి కొత్తవన్నీ 64 బిట్లలో ఉండాలన్నది. అప్పుడు యూనిటీవాళ్ళు ఒక ఉపాయం చేశారు. సి-షార్ప్‌లో రాసినదాన్ని యంత్రమే సి ప్లస్ ప్లస్‌లోకి తిరగరాస్తుంది, దాన్ని మళ్ళీ చిప్పు భాషలోకి మారుస్తుంది. ఊడ్చేవాడు మాత్రం వెంట వస్తాడు. 2019 నుంచి అతను కూడా ఊడ్పును చిన్న చిన్న వాయిదాల్లో, ఒక్కొక్క బొమ్మకూ మధ్య మిగిలిన కాస్త వ్యవధిలో చేసుకోవడం నేర్చుకొన్నాడు.

ఒకే ఆట, రెండు ఇళ్ళు

మైన్‌క్రాఫ్ట్ ఆట పేరు మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. గడ్డ మీద గడ్డ పేర్చి ఇళ్ళూ కోటలూ కట్టే ఆట. స్వీడన్ దేశస్థుడు మార్కస్ పెర్సన్ 2009లో దాన్ని జావాలో రాశాడు. జావా కాబట్టి విండోస్, మాక్, లినక్స్ మూడింటిలోనూ నడిచింది. ఇంకొక ఫలితం ఎవరూ అనుకోనిది. మధ్యంతర భాషను తిరిగి విప్పి చదవడం చిప్పు భాషను చదవడం కంటే చాలా సులువు. దాంతో మీ వయసు పిల్లలు కూడా ఆటను విప్పి, లోపల ఏముందో చూసి, కొత్త జంతువులనూ కొత్త పనిముట్లనూ చేర్చారు. ఎంతోమంది ప్రోగ్రామింగులో ఓనమాలు దిద్దింది అక్కడే.

కాని ఫోన్లకు వచ్చేసరికి జావా ఆట బరువైంది. 2011లో ఫోన్ల కోసం దాన్ని సి ప్లస్ ప్లస్‌లో వేరే రాశారు. 2014లో మైక్రోసాఫ్టు ఆ ఆటను తయారుచేసిన మోజాంగ్ సంస్థను 250 కోట్ల డాలర్లకు కొన్నది. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే మైక్రోసాఫ్టు పగ్గాలు చేపట్టినవాడు సత్య నాదెళ్ళ. హైదరాబాదులో పుట్టి, బేగంపేటలోని పబ్లిక్ స్కూల్లో చదువుకొన్న మనవాడే. కొన్న తరువాత జావా ఆటను మూసేసి ఒక్కదానితో సరిపెట్టుకోవచ్చు. అలా చేయలేదు. నేటికీ రెండు మైన్‌క్రాఫ్టులూ ఉన్నాయి. ఫోన్లకూ ఆటల పెట్టెలకూ సి ప్లస్ ప్లస్‌ది, విప్పి చూసుకొనేవాళ్ళకు జావాది.

జావా ఇల్లు కూడా శాశ్వతం కాదు. అజమాయిషీదారు కూడా ఒక ప్రోగ్రామే కదా, అతనికీ కొత్త సంచికలు వస్తుంటాయి. 2021లో వచ్చిన మైన్‌క్రాఫ్ట్ 1.17 నడవాలంటే జావా 16 కావలసివచ్చింది. పాత జావా మీద పిల్లలు చేర్చుకొన్న ఎన్నో చేర్పులను మళ్ళీ సరిచేసుకోవలసి వచ్చింది. ఇందాక చెప్పిన ఎక్స్ఎన్ఏ సంగతి ఇంకా దారుణం. 2013లో మైక్రోసాఫ్టు దాన్ని ఇక పెంచబోమని చెప్పేసింది. అప్పటికి ఎరిక్ బరోన్ అనే అమెరికా యువకుడు ఒంటరిగా, సి-షార్ప్‌లో, ఆ సాధనంతోనే ఒక వ్యవసాయం ఆట రాసుకొంటున్నాడు. అదే 2016లో వచ్చిన 'స్టార్‌డ్యూ వ్యాలీ'. అతని శ్రమ వృథా కాకపోవడానికి కారణం, ఎక్స్ఎన్ఏ లాగే పనిచేసే మోనోగేమ్ అనే సాధనాన్ని ఔత్సాహికులు అందరికీ ఉచితంగా, బహిరంగంగా తయారుచేసి ఉంచడమే. 2021లో ఆ ఆట మోనోగేమ్ మీదికి మారింది.

మీరే చూడండి

పదహారు మిల్లీసెకండ్ల గడువును కళ్ళారా చూడవచ్చు. పెద్దవాళ్ళ అనుమతి తీసుకొని ఆండ్రాయిడ్ ఫోను సెట్టింగులలో 'ఫోను గురించి' అనే చోటికి వెళ్ళండి. అక్కడ 'బిల్డ్ నంబరు' మీద ఏడుసార్లు తట్టండి. (కొన్ని ఫోన్లలో ఈ నంబరు కాస్త లోపల దాగి ఉంటుంది.) 'డెవలపర్ ఆప్షన్స్' అనే కొత్త జాబితా వస్తుంది. అందులో మిగతావి ముట్టుకోవద్దు. 'ప్రొఫైల్' అనే మాటతో మొదలయ్యి 'రెండరింగ్' అనే మాటతో ముగిసే ఒకదాన్ని ఎంచుకొని, తెర మీద పట్టీలు చూపమనండి.

ఇప్పుడు ఫోనులో పేర్ల జాబితానో, సెట్టింగులనో వేలితో పైకీ కిందికీ జరపండి. తెర అడుగున రంగురంగుల పట్టీలు లేస్తాయి. ఒక్కొక్క పట్టీ ఒక్కొక్క బొమ్మకు పట్టిన కాలం. అడ్డంగా ఒక ఆకుపచ్చ గీత ఉంటుంది. అదే 16.67 మిల్లీసెకండ్లు. పట్టీ గీత దాటిన చోటల్లా ఒక బొమ్మ ఆలస్యమయిందన్నమాట. పాత ఫోనులోనూ కొత్త ఫోనులోనూ ఒకే పని చేసి, నిమిషంలో ఎన్నిసార్లు గీత దాటిందో నోటుపుస్తకంలో రాసుకోండి.

తరువాత ఏదైనా పెద్ద ఆట తెరిచి చూడండి. చాలా ఆటల్లో ఆ పట్టీలు కదలవు, లేదా అసలు కనిపించవు. పాడయిందనుకోకండి. ఆ ఆటలు బొమ్మలను ఆండ్రాయిడ్ మామూలు దారిలో కాక సి ప్లస్ ప్లస్ దగ్గరదారిలో తెరకు పంపుతున్నాయి, పట్టీల కొలతకు అవి అందవు. చూడడం అయిపోగానే ఆ మీటను మళ్ళీ ఆపేసి ఫోను తిరిగి ఇచ్చేయండి.